కాక్టస్ మెత్తబడితే వేపనూనె కాదు, బ్లేడు తియ్యి

చి. అమ్మాయికి, పెద్దమ్మ దీవెనలు.

కడియపులంక నర్సరీ నుంచి తెచ్చుకున్న కాక్టస్‌లలో ఒకదానికి దూదిలా పట్టిందనీ, ఇంకోటి మొదట్లో మెత్తబడిందనీ రాశావు. రెండూ వేర్వేరు జబ్బులమ్మా. రెంటికీ ఒకే వేపనూనె కొడితే మెత్తబడింది దక్కదు.

ముందు మెత్తబడినదాని పని చూడు. వేలితో నొక్కు. మొదలు గోధుమరంగులో ఉన్నా చెక్కలా గట్టిగా ఉంటే అది వయసుతో వచ్చే బెరడు, ముట్టుకోకు. వేలు దిగబడితే కుళ్ళు. దాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు, కొయ్యాల్సిందే. కొత్త బ్లేడు స్పిరిట్‌తో తుడిచి, కుళ్ళుకు పైన అడ్డంగా కొయ్యి. కోసినచోట మధ్యలో ఉంగరంలా గీత కనబడుతుంది. అందులో గోధుమరంగో ఎరుపో చుక్కంత ఉన్నా ఇంకో అరంగుళం పైకి కొయ్యి. కోసిన ప్రతిసారీ బ్లేడు తుడువు, లేకపోతే ఆ కుళ్ళును నువ్వే పైకి ఎక్కించినట్టు. శుభ్రమైన కండ వచ్చాక గంధకం పొడి గానీ దాల్చినచెక్క పొడి గానీ పల్చగా అద్ది, నీడలో గాలాడే చోట ఆరబెట్టు. ఎండాకాలం వారం చాలు, ఈ ముసురులో పదిహేను రోజులు పట్టినా తొందరపడకు. కోత గట్టిగా పక్కు కట్టాకే పొడి ఇసుకలో నిలబెట్టు, ఇంకో వారం నీళ్ళు చూపించకు. దాల్చినచెక్క పొడి మొక్క మంచి వేళ్ళకు తగలనివ్వకు, వాటిని ఎండగొడుతుంది.

ఎర్ర తల, పచ్చ కాడ ఉన్న అంటుమొక్క అయితే వేరే లెక్క. ఆ తలలో పత్రహరితం లేదు, కాడ పెట్టే తిండితోనే బతుకుతుంది. కాడ అడుగున కుళ్ళితే పై ముక్క కోసి వేళ్ళు పోయించొచ్చు. కుళ్ళు అతుకు దాకా పాకితే మాత్రం తలను ఇంకో కాడకు అంటు కట్టాలి. మట్టిలో గుచ్చితే బతకదు.

ఆ దూది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ముళ్ళ సందుల్లో ఒక్కొక్కదాన్నీ తుడిచెయ్యి. తరవాత మందు: చెంచాడు వేపనూనె, అంటే 5 మిల్లీలీటర్లు, రెండు చెంచాల చిక్కటి కుంకుడు రసంలో పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, లీటరు గోరువెచ్చని నీళ్ళలో కలుపు. నూనె పైకి తేలితే కొట్టొద్దు, పడినచోటల్లా మచ్చ పడుతుంది. పొద్దుగూకాక కొట్టు, నూనె మీద ఎండ తగిలితే తోలు కాలుతుంది. గుడ్లు తరవాత పొదుగుతాయి కనక వారానికోసారి మూడుసార్లు కొట్టాలి. నీలిబూడిద రంగు రకాల మీద నూనె వద్దు, ఒంటిమీద బూడిదలా కనబడే ఆ మైనపు పూతే వాటి కాపుదల. కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే వాటినీ తరుము, పిండినల్లి కార్చే తీపి కోసం చీమలే దాన్ని మోసి కాపాడతాయి. పైన ఏమీ లేకుండా మొక్క ఎదగడం మానేస్తే కుండీలోంచి తీసి చూడు, వేళ్ళకు కూడా పిండినల్లి పడుతుంది. మట్టంతా కడిగి, వారం ఆరబెట్టి, కొత్త మట్టిలో వెయ్యి.

కొస నుంచి తుప్పు పట్టినట్టు రంగు మారుతుంటే ఎర్రనల్లి. నీళ్ళు గట్టిగా చిమ్మి కడుగు, పోకపోతే నీళ్ళలో కలిసే గంధకం లీటరుకు 2 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టకు, మండే ఎండల్లో అసలే వద్దు, మొక్క మాడిపోతుంది. పాత మచ్చలు పోవు. కొత్త చిగురు పచ్చగా వస్తే మందు పనిచేసినట్టే.

మన నల్లరేగడి చేనుకు బంగారమే గానీ కాక్టస్‌కు ఉరి. రెండు పాళ్ళు గోదావరి ముతక ఇసుక, ఒక పాలు ఇటుక ముక్కలు, ఒక పాలు వర్మీకంపోస్టు కలుపు. తుఫాను రోజుల్లో కుండీలు లోపలికి తెచ్చుకో, చూరు నీళ్ళు పడేచోట మాత్రం పెట్టకు.

కోశాక ఆ ఉంగరం ఏ రంగులో ఉందో వెంటనే రాయి.

మీ పెద్దమ్మ