గుగ్గిళ్లు ముందు, బొబ్బట్టు తరువాత

ఆహారం శీర్షిక: పాఠకుల ప్రశ్నలకు మా డైటీషియన్ జవాబులు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. పుట్టిల్లు అనంతపురం, పెళ్లయ్యాక బెంగళూరు బనశంకరిలో ఉంటున్నాం. పద్నాలుగు నెలల క్రితం బరువు తగ్గడానికి బైపాస్ సర్జరీ చేయించుకున్నాను. 112 కిలోల నుంచి 76కు వచ్చాను. మొన్న వరలక్ష్మీ వ్రతం రోజు పూజ అయ్యేవరకు ఏమీ తినలేదు. మధ్యాహ్నం నైవేద్యం పెట్టిన బొబ్బట్లు రెండు, నెయ్యి వేసుకుని తిన్నాను. ఇరవై నిమిషాలు గడవకముందే గుండె దడ, ఒళ్లంతా చెమటలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. గంటసేపు పడుకుంటే గానీ తేరుకోలేదు. దిష్టి తగిలిందని అత్తగారు ఉప్పు తిప్పి పారేశారు. అప్పటి నుంచి ఎవరి ముందూ తీపి ముట్టడం లేదు. కానీ రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి బెల్లం ముక్కలు నాలుగు తింటున్నాను. చక్కెర కన్నా బెల్లం మేలని సర్దిచెప్పుకుంటున్నాను. రెండు కిలోలు పెరిగాను కూడా. పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం నాలుగు చెంచాల పెరుగన్నం, రాత్రి సగం చపాతీ, కాస్త కూర, ఇదీ నా తిండి. కాఫీ మూడుసార్లు, రెండేసి చెంచాల చక్కెరతో. ఇంత డబ్బు పోసి, ఇంత బాధ పడి, చివరికి నాలుకను అదుపులో పెట్టుకోలేకపోయానని సిగ్గుగా ఉంది. జన్మంతా తీపి మానేయాల్సిందేనా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో ‘అందరూ పడుకున్నాక’, ‘నిలబడి’ అన్న రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఆ నిలబడటం నాకు తెలుసు. 2016లో నేనూ ఈ ఊళ్లోనే, ఈ సర్జరీయే చేయించుకున్నాను. అప్పటికే పదిహేనేళ్లుగా నలుగురికీ ఏం తినాలో చెబుతున్నదాన్ని. ఏడాది తిరిగేసరికి, నెల్లూరు నుంచి అమ్మ పంపిన సున్నుండల డబ్బాను బట్టల బీరువాలో చీరల వెనక దాచుకున్నాను. అందుకే మీకు జవాబు రాయడానికి వారం రోజులు తీసుకున్నాను.

వ్రతం రోజు మీకు తగిలింది దిష్టి కాదు. మామూలు కడుపు చివర ఒక కవాటం ఉంటుంది. తిన్నదాన్ని అది కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. బైపాస్‌లో కడుపు పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మధ్యలో ఆ కవాటం కాపలా ఉండదు. ఖాళీ సంచిలో రెండు బొబ్బట్లు పడేసరికి ఆ తీపంతా ఒక్కసారిగా పేగులోకి దిగింది. చిక్కటి తీపిని పలచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి వచ్చింది. మెలిపెట్టే నొప్పి, దడ, చెమటలు అక్కడి నుంచి పుట్టినవే. డాక్టర్లు దీన్ని డంపింగ్ అంటారు. సాధారణంగా తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు వస్తుంది. నాకు ఇది గాంధీ బజారులో జరిగింది. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా తిరిగి తిరిగి, మధ్యాహ్నం రెండింటికి ఒక హనీ కేక్ ముక్క తిన్నాను. మన బేకరీల హనీ కేక్ సంగతి మీకు తెలుసు కదా, పాకంలో నానిన స్పాంజి, పైన జామ్, కొబ్బరి కోరు. పక్కనున్న పూలమ్మే ఆవిడ తన పీట మీద నన్ను కూర్చోబెట్టి, అరగంటసేపు విసురుతూనే ఉంది.

రెండో రకం కూడా తెలుసుకోండి, ఇది ఇంకా జాగ్రత్తగా చూడవలసింది. తీపి తిన్న గంట నుంచి మూడు గంటల లోపల చేతులు వణకడం, కళ్లు తిరగడం, మాట తడబడటం ఉంటే, ఒంట్లో ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు. బైపాస్ అయిన ఏడాది దాటాక ఇది మొదలవడం మామూలే. అలా అనిపిస్తే గ్లూకోమీటరుతో చూసి, ఆ అంకె రాసిపెట్టి, మీ సర్జన్‌కు చూపించండి. ఆ సమయంలో స్కూటర్ మాత్రం నడపకండి.

ఇక మీరు అడిగిన బెల్లం. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. అందులోని ఇనుము, ఖనిజాలు మీరు తినే ముక్కకు లెక్కలోకి రానంత కొంచెం. మీ పేగుకు రెండూ ఒకటే, తేనె కూడా అంతే. ఒక్కో ముక్క పది గ్రాములనుకుంటే నాలుగు ముక్కలకు సుమారు 150 కేలరీలు. నాకు కేలరీల కన్నా దిగులు కలిగించింది మీ రోజు తిండి. లెక్క కట్టాను. కాఫీలో పాలు కలుపుకున్నా ఇరవై గ్రాముల ప్రొటీన్ దాటదు. సర్జరీ అయినవాళ్లకు రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. రాత్రి పదకొండింటికి మిమ్మల్ని వంటింట్లోకి నడిపిస్తున్నది చాలావరకు పగటి ఆకలే, చెల్లెమ్మా. పైగా సర్జరీ అయిన కొత్తలో అణిగిన ఆకలి ఏడాది దాటాక మెల్లగా తిరిగివస్తుంది. చాలామందికి అంతే. సర్జరీ చెడిపోయిందనో, మీ మనసు బలహీనమనో అనుకోకండి.

కాబట్టి తీపి మానే ముందు తిండి సరిచేయండి. పొద్దున ఇడ్లీ కన్నా ముందు రెండు ఉడికించిన గుడ్లు, 12 గ్రాములు వచ్చాయి. మధ్యాహ్నం గట్టి పప్పు, కొంచెం పనీర్ ముందు తిని, కడుపులో చోటుంటే పెరుగన్నం. సాయంత్రం చిన్న గిన్నెడు గుగ్గిళ్లు. రాత్రి చేపో, కోడికూరో, లేదంటే సోయా ముక్కల కూరో. ఇవన్నీ తిన్నా లెక్క తక్కువైతే మీ డాక్టరు చెప్పిన ప్రొటీన్ పొడి మజ్జిగలో కలుపుకోండి. భోజనంతో నీళ్లు వద్దు, అరగంట ఆగి తాగండి. కాఫీ మాననక్కర్లేదు. కానీ రోజుకు ఆరు చెంచాల చక్కెర, అంటే ఇంచుమించు 24 గ్రాములు, ద్రవంగా లోపలికి వెళుతోంది. ద్రవంగా వెళ్లే తీపిని ఆపేది ఏదీ లేదు. వారానికి అరచెంచా చొప్పున తగ్గించండి. నెల దాటాక డికాక్షన్ రుచి తెలియడం మొదలవుతుంది, నాకు అలాగే తెలిసింది.

వ్రతం సంగతికి వస్తే, వాయనంలో శనగలు ఇస్తారు కదా. వచ్చే ఏడాది పూజ కాగానే ఆ శనగల గుగ్గిళ్లు నాలుగు చెంచాలు ముందు తినండి. కూర్చుని, బాగా నమిలి. పావుగంట ఆగి బొబ్బట్టులో పావు ముక్క, నెయ్యి లేకుండా. పూజ ఆలస్యమయ్యేట్టుంటే ముందే ఒక గ్లాసు మజ్జిగ తాగండి. ఉపవాసం సంగతి అత్తగారితో మీరు ముందుగానే మాట్లాడాలి.

దాచుకుని తినడం గురించి నా అనుభవం ఒక్కటే చెప్పగలను. ఆ సున్నుండల డబ్బాను ఒకరోజు మా వారి ముందు భోజనాల బల్ల మీద పెట్టాను. ఏడుపు వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక, అందరితో కూర్చుని, ఒక్కటి తింటాను. ఊరి నుంచి అమ్మ ఇప్పుడు నా కోసం వేరుగా ఉసిరికాయంత ఉండలు చుడుతుంది. మీ బెల్లం ముక్క కూడా పగలు, పళ్లెంలోకి, మీవాళ్ల ముందుకు రానివ్వండి. చేయి అప్పుడూ ఆగకపోతే, మీరు సర్జరీ చేయించుకున్న చోట మానసిక సలహాదారు ఉంటారు. సిగ్గుపడకుండా వెళ్లండి, నేనూ వెళ్లాను. విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకండి.

ప్రశ్న: స్లీవ్ సర్జరీ అయి ఐదు నెలలైంది. చక్కెర లేని చాక్లెట్లు తింటుంటే కడుపుబ్బరం, విరేచనాలు. రెండు చపాతీ ముక్కలకే నిండిపోయే కడుపు ఐస్‌క్రీమ్ కప్పు మొత్తాన్ని ఎలా ఇముడ్చుకుంటోంది?
– మారతహళ్లి నుంచి ఒక యువకుడు

జవాబు: బాబూ, ఆ చాక్లెట్ అట్ట వెనక చదవండి. మాల్టిటాల్, సార్బిటాల్ అని ఉంటే ఉబ్బరం వాటి వల్లే కావచ్చు. అవి పేగులో పూర్తిగా ఇంకవు, మిగిలినవి పులిసి గాలి పుట్టిస్తాయి. ఖర్జూరంతో, తేనెతో చేసి ‘చక్కెర లేదు’ అని అమ్మే మిఠాయిలూ మీకు చక్కెరతో సమానమే. ఇక ఐస్‌క్రీమ్: స్లీవ్‌లో కడుపును దాదాపు 80 శాతం తీసేస్తారు. నమిలి తినే గట్టి పదార్థాన్ని ఆ సన్నని గొట్టం ఆపి, నిండిందని చెబుతుంది. కరిగిపోయేది ఆగకుండా జారిపోతుంది, కాబట్టి ఆ కబురు అందదు. చిప్స్, మిక్స్చర్ కూడా నోట్లో పిండై అలాగే జారిపోతాయి. ఐదో నెలలో బరువు చురుగ్గా తగ్గుతున్నప్పుడు ఈ అలవాటు పడనివ్వకండి. తీపి కావాలనిపిస్తే గట్టి పెరుగులో జామపండు ముక్కలు, చిటికెడు యాలకుల పొడి వేసుకుని చూడండి.

ప్రశ్న: మా కోడలికి ఈ సర్జరీ అయింది. దీపావళికి వస్తోంది. ఆమె ముందు మేము మిఠాయిలు తినవచ్చా? తిరుపతి లడ్డూ ప్రసాదం ఇవ్వకపోతే తప్పవుతుందేమో.
– రాజాజీనగర్ నుంచి ఒక అత్తగారు

జవాబు: అమ్మా, ఈ మాట ముందుగా అడిగారు, మీ కోడలు అదృష్టవంతురాలు. మీరు చేసేవన్నీ చేయండి, కాస్త చిన్నవిగా చేయండి. ‘ఒక్కటే కదా, ఏమీ కాదు’ అని బలవంతపెట్టవద్దు. నలుగురిలో ‘నీకు పడదు కదా’ అని కూడా అనవద్దు, ఆ రెండోది ఎక్కువ బాధిస్తుంది. ప్రసాదం శనగగింజంత చేతిలో పెడితే చాలు, కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటుంది. ముందు రోజు ఫోను చేసి, ‘నీ కోసం పెసరట్టు వేయనా, పనీర్ వేయించనా?’ అని అడగండి.