పొద్దుగూకిన తర్వాత కరెంటు ధర ఎవరి చేతిలో ఉంటుంది?

‘పవర్ ఎక్స్ఛేంజ్‌లో (కరెంటును వేలంలో కొని అమ్మే వేదికలో) అమ్మేవారు ఎందరో ఉండగా, ఏ ఒక్కరైనా ధరను పెంచగలరా?’ అని మీరు అడిగారు. పెంచగలరనే నా సమాధానం. చిత్తూరు దగ్గర గ్రానైటు పాలిషింగ్ యూనిట్ నడిపే నాకు 2022 ఏప్రిల్‌లో ఇది బోధపడింది.

ఆ నెల 8 నుంచి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే అమలైంది. వారపు సెలవుతో పాటు మరో రోజు కూడా యూనిట్ మూయవలసి వచ్చింది. మొదటి వారమే, సగం కోసిన రాయిని యంత్రం మీదనే వదిలేసి, రోజుకూలీ మీద బతికే ఆరుగురిని గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపాను; ఆ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఖాళీగా కూర్చుని ఎక్స్ఛేంజ్ ధరలు చూస్తే, పావుగంటకో ధర తేలే అక్కడ, సాయంత్రం పావుగంటలన్నింటిలోనూ యూనిట్ 12 రూపాయలే. ఆ నెల మొదట్లోనే కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి గరిష్ఠ ధరను 20 నుంచి 12కు తగ్గించింది. ధరకు కళ్లెం పడింది గానీ, మా షెడ్డుకు కరెంటు రాలేదు.

ఎక్స్ఛేంజ్‌లో అమ్మేవారు అడిగే ధరలను (బిడ్లను) చవకైనవాటి నుంచి వరుసగా తీసుకుంటారు; ఆమోదం పొందిన చివరి బిడ్ ధరే అమ్మినవారందరికీ దక్కుతుంది. గంటకు 10 లక్షల యూనిట్లు 4 రూపాయలకు అమ్మే సంస్థకు 40 లక్షలు వస్తాయి. అదే సంస్థ లక్ష యూనిట్లు ఆపడం వల్ల ధర 12కు చేరితే, మిగిలిన 9 లక్షల యూనిట్లకు 1 కోటి 8 లక్షలు వస్తాయి, పైగా బొగ్గూ మిగులుతుంది. సౌర విద్యుత్తు పుష్కలంగా ఉండే మధ్యాహ్నం ఈ ఎత్తు పారదు. సూర్యుడు దిగాక, ఆ సంస్థ లేకుండా గిరాకీ తీరని వేళలో, వాటా ఎంత చిన్నదైనా బలం దానిదే. ఆ వేసవిలో ఎండలూ బొగ్గు కొరతా నిజమే. అయితే ఆపి అమ్మడం లాభసాటి అయ్యేది సరిగ్గా అలాంటి కొరతలోనే.

డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) అంత ధరకు కొన్న భారం చివరికి సర్దుబాటు చార్జీల పేరుతో, ఎప్పుడో వాడిన యూనిట్లకు ఇప్పుడు కట్టమంటూ మా బిల్లుల్లోకి వస్తుంది. అమ్మేసిన పలకకు ఆ ఖర్చును నేను ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలి?

ఆస్ట్రేలియాలో ఏ విద్యుత్ కేంద్రం ఎంతకు బిడ్ వేసిందో మరునాడే పేరుతో సహా ప్రకటిస్తారు. మన దగ్గరా అలాగే ప్రకటించాలి. డిస్కంలు వేసవి సాయంత్రాలకు కావలసిన కరెంటును ఏప్రిల్ దాకా ఆగకుండా చలికాలంలోనే ఒప్పందం చేసుకోవాలి.