గ్యాస్ పల్చటి గోడల్లోకి పాకుతుంటే కొత్తవాళ్లకి ముందు ఏం నేర్పాలి

భీమవరంలో మీ యూనిట్‌కి కొత్తగా వచ్చిన ఇంజనీర్లు, గ్యాస్ అసిస్ట్ మోల్డింగ్‌లో (అచ్చులో కరిగిన ప్లాస్టిక్ లోపలికి నైట్రోజన్ గ్యాస్ పంపి బోలుగా చేసే పద్ధతి) నైలాన్ హ్యాండిల్ తీసేటప్పుడు గ్యాస్ పక్కనున్న పల్చటి గోడల్లోకి పాకిన ప్రతిసారీ ప్రెషర్‌తోనే కుస్తీ పడుతున్నారని రాశారు కదండీ, ముందు వాళ్లని ప్రెషర్ ముట్టుకోనివ్వకండి. నైట్రోజన్ ఆపేసి, అచ్చు 70 నుంచి 95 శాతం దాకా నిండేలా ప్లాస్టిక్ కొంచెం కొంచెం పెంచుతూ షార్ట్ షాట్లు (అచ్చు పూర్తిగా నిండని పీసులు) కొట్టించి, ప్లాస్టిక్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో బల్ల మీద వరసగా పేర్చి చూపించండి. గ్యాస్ ఎప్పుడూ మందంగా, వేడిగా, ఎదురు తక్కువగా ఉన్న దారే పడుతుంది.

తర్వాత గ్యాస్‌తో తీసిన పీసుల్ని నిలువునా కోయించండి, నా దృష్టిలో దీన్ని మించిన పాఠం లేదు. గ్యాస్ చేసిన బోలు పక్క గోడలోకి చీలితే గ్యాస్ డిలే (ప్లాస్టిక్ పంపాక గ్యాస్ వదిలేదాకా ఆగే సమయం) కాస్త పెంచి మళ్లీ కోయండి, ప్లాస్టిక్ ముందు కొస చిల్లుపడితే షాట్ (అచ్చులోకి పంపే ప్లాస్టిక్) తక్కువైనట్టు, బోలు సగంలోనే ఆగిపోతే చాలావరకు షాట్ ఎక్కువైనట్టు. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

ఇంకోటి, మన డెల్టా వానాకాలం గాలికి నైలాన్ తేమ ఇట్టే పీల్చేస్తుంది. సరిగా ఆరబెట్టకపోతే వచ్చే బుడగల్ని, వెండి చారల్ని గ్యాస్ మీదకి నెట్టేస్తారు.

అచ్చు తెరిచేముందు గ్యాస్ పూర్తిగా వదలాలని, మూసిన గదిలో నైట్రోజన్ లీకైతే వాసన కూడా రాకుండా మనిషి పడిపోతాడని మొదటి రోజే చెప్పండి. కోసిన పీసు ఫోటో, ఇప్పుడున్న డిలే పెట్టండి, చూసి చెప్తాను.