ఫోరెన్సిక్ సైకాలజీ చదివితే కోర్టులో ఏం పని ఉంటుంది?

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) సైన్స్ చదువుతోంది. ఇంజినీరింగ్ వద్దు, ఫోరెన్సిక్ సైకాలజీ చదివి క్రిమినల్ కేసుల్లో పనిచేస్తానంటోంది. వెబ్ సిరీస్‌లు చూసి అంటోందేమోనని నా అనుమానం. మన కోర్టుల్లో నిజంగా అలాంటి పని ఉందా? నేరాలు చేసినవాళ్లతో పని అంటే భయంగానూ ఉంది. ఏం చదివించాలి?
– ఒక తల్లి

జవాబు: పని ఉందమ్మా. సిరీస్‌లలో కనిపించే పని మాత్రం వేరు. నేరం ఎవరు చేశారో పట్టుకునేది పోలీసులు, రుజువైందో లేదో తేల్చేది జడ్జి. మధ్యలో కొన్ని కేసుల్లో, ఈ మనిషి మనసు ఏ స్థితిలో ఉందన్న ప్రశ్న వస్తుంది. అక్కడే సైకియాట్రిస్ట్ (మానసిక వైద్యుడు), క్లినికల్ సైకాలజిస్ట్ (మానసిక సమస్యలను అంచనా వేసే సైకాలజిస్ట్) కావాలి.

ఈ ప్రశ్న ఒక్కోసారి ఘటన జరిగిన రోజు గురించి, ఒక్కోసారి ఇవాళ్టి గురించి. మానసిక జబ్బు వల్ల, తాను చేస్తున్నదేమిటో గానీ, అది తప్పని గానీ తెలియని స్థితిలో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ చెబుతోంది. పాత ఐపీసీలో అది 84వ సెక్షన్. దాని మూలం 1843లో ఇంగ్లండులో వచ్చిన మెక్‌నాటెన్ కేసు. ఇక ఇవాళ్టి సంగతి అంటే, విచారణలో ఏం జరుగుతోందో తెలుసుకుని తన తరఫు మాట తాను చెప్పుకోగలడా అన్నది. చెప్పుకోలేడని తేలితే కోర్టు విచారణ ఆపి చికిత్స సంగతి చూస్తుంది. భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇందుకోసం ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. అందులో క్లినికల్ సైకాలజిస్ట్ పేరెత్తి మరీ రాశారు.

వీటిలో కష్టమైనది మొదటిది. నిందితుడు ఆస్పత్రికి వచ్చేసరికి నెలలు గడిచిపోయి ఉండొచ్చు. ఈలోగా జైల్లో మందులు వాడి, ఎదురుగా కూర్చుని మామూలుగానే మాట్లాడతాడు. అతని ఆనాటి మనసు గురించి చెప్పాలి. అందుకే ముందు కాగితాలు తిరగేస్తారు: ఛార్జిషీటు, పాత ఆస్పత్రి చీటీలు, మందుల బిల్లులు. ఇంట్లోవాళ్లను అడుగుతారు. ఎప్పటినుంచి నిద్రపోవడం లేదు? విషం కలిపారంటూ అన్నం మానేశాడా? ఘటన తర్వాత పారిపోయాడా, కత్తి దాచాడా, అక్కడే కూర్చుండిపోయాడా? నేరానికి ముందు, ఆ సమయంలో, ఆ తర్వాత ఎలా ప్రవర్తించాడో చూడాలని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్లు వార్డులో పెట్టి గమనిస్తారు. జ్ఞాపకశక్తి, తెలివితేటలు, లేని జబ్బు నటిస్తున్నాడా అన్నవి టెస్టులతో చూస్తారు. జబ్బు ఉందని తేలినంత మాత్రాన శిక్ష తప్పిపోదు కూడా. వైద్యులు చెప్పే జబ్బు, చట్టం ఒప్పుకునే మతిస్థిమితం లేకపోవడం రెండూ ఒకటి కావని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

రిపోర్టు ఇచ్చేస్తే అయిపోదు. బోనెక్కాలి. అవతలి లాయరు లేచి, మీరు ఇతన్ని చూసింది ఘటన జరిగిన ఎన్నాళ్లకు, ఎన్ని గంటలు మాట్లాడారు, ఏ భాషలో మాట్లాడారు అని వరసగా అడుగుతాడు. ఇంతవరకు చెప్పగలను, ఇంతకు మించి చెప్పలేను అని తడబడకుండా అనగలిగినవాళ్లే అక్కడ నిలబడతారు. అంతా అయ్యాక కూడా నిపుణుల అభిప్రాయానికి జడ్జి కట్టుబడి ఉండాలని లేదు.

భాష విషయం చిన్నది కాదమ్మా. మనసులో ఉన్న భయం, అనుమానం సొంత భాషలోనే సరిగ్గా బయటికొస్తాయి. బెంగళూరులో పెరిగిన మీ అమ్మాయికి తెలుగు, కన్నడ రెండూ వచ్చి ఉంటాయి. తమిళమో దక్కనీ ఉర్దూనో కొంచెం తోడైతే ఈ పనిలో అది డిగ్రీతో సమానమైన ఆస్తి.

పిల్లల కేసుల్లో అవసరం ఇంకా ఎక్కువని నా అభిప్రాయం. 16 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లు ఘోరమైన నేరంలో ఇరుక్కుంటే, వాళ్లను పెద్దవాళ్లలా విచారించవచ్చా అని తేల్చడానికి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ముందస్తు అంచనా కోరుతుంది. ఆ అంచనా వేసే జువెనైల్ జస్టిస్ బోర్డులో పిల్లల మానసిక నిపుణులు లేకపోతే బయటి నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఒక పిల్లవాడి జీవితం ఎటు వెళ్తుందో ఆ కాగితం మీద ఎంతో ఆధారపడుతుంది. ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లోనూ మానసిక పరీక్ష రిపోర్టు తెప్పించుకోవాలని సుప్రీంకోర్టు అదే ఏడాది చెప్పింది.

లై డిటెక్టర్, నార్కో (మందిచ్చి మాట్లాడించే పరీక్ష) మీద మీ అమ్మాయికి మోజుంటే సెల్వి వర్సెస్ కర్ణాటక తీర్పు, 2010, చదవమనండి. ఒప్పుకోకుండా ఎవరికీ ఆ పరీక్షలు చేయకూడదు, ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితాలే సాక్ష్యం కావు.

మీ భయం సంగతి. ఖైదీని పోలీసు కాపలాతోనే ఆస్పత్రికి తెస్తారు, ఒంటరిగా వదిలేయరు. ప్రమాదం కంటే మనసుకు పట్టే బరువే ఎక్కువ. అది మీరు ఇప్పుడే ఆమెతో మాట్లాడాల్సిన విషయం.

చదువుకొస్తే, డిగ్రీలోనే ఫోరెన్సిక్ అన్న పేరు కోసం వెతకొద్దు. బోర్డు మీద ఆ మాట పెట్టి ఫీజులు గుంజే కోర్సులున్నాయి. సైకాలజీలో బీఏ లేదా బీఎస్సీ, తర్వాత ఎంఏ లేదా ఎంఎస్సీ, ఆపైన ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, గుర్తించిన క్లినికల్ సైకాలజీ శిక్షణ. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ లేని సైకాలజిస్ట్ రిపోర్టును క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి లాయరు అడిగేటప్పుడు, మొదటి ప్రశ్నకే పడగొడతారు. కోర్సుల పేర్లు, నిబంధనలు ఇప్పుడు మారుతున్నాయి కాబట్టి చేరే ఏడాది ఆర్‌సీఐ వెబ్‌సైట్ చూసుకోండి. మానసిక ఆరోగ్యానికి జాతీయ సంస్థ అయిన నిమ్హాన్స్ మీ ఊళ్లోనే, హోసూరు రోడ్డులో ఉంది, సీటుకు పోటీ మాత్రం గట్టిది. ప్రత్యేకంగా ఫోరెన్సిక్ కావాలంటే గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది.

నికరమైన సర్కారు పోస్టులు తక్కువ. చాలామంది ఆస్పత్రిలోనో సొంత క్లినిక్‌లోనో పనిచేస్తూ, కోర్టు పిలిచినప్పుడు వెళ్తారు. కాబట్టి ఇంటి ఖర్చు గడిచేది మామూలు క్లినికల్ పని మీదే అనుకుని దిగమనండి. పీయూసీ పరీక్షలు అయ్యాక ఒక రోజు ఆమెను సిటీ సివిల్ అండ్ సెషన్స్ కోర్టుకు తీసుకెళ్లండి. పోక్సో లాంటివి తప్ప మామూలు విచారణలు ఎవరైనా వెనక కూర్చుని వినొచ్చు. పూటంతా వాయిదాలే నడిచినా పర్వాలేదు, ఒక సాక్షినైనా క్రాస్ చేయడం చూసి రమ్మనండి. ఆ తర్వాత కూడా ఇదే కావాలంటే సైకాలజీ డిగ్రీకి అప్లికేషన్ పెట్టించండి.