వీఐఈ నోట్ రాసే ముందు గ్యారంటీలు వెతుకు

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ రాత్రి చూశాను. ఈ క్వార్టర్ నుంచి కంపెనీ ఆర్థిక నివేదికలో వచ్చే వీఐఈ నోట్ నీ నెత్తిన పెట్టారనీ, పాత ఫైల్ తెరిస్తే ఒక టేబుల్, దాని కింద నాలుగు వాక్యాలు తప్ప ఏమీ లేవనీ, ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పే దిక్కు లేదనీ రాశావు. నవ్వొచ్చింది. నాకూ మొదటిరోజు అలాంటి ఫైలే ఇచ్చారు.

ముందు ఆ పేరు చూసి టెన్షన్ పడకు. వీఐఈ, అంటే వేరియబుల్ ఇంట్రెస్ట్ ఎంటిటీ, ఓట్లు లెక్కపెడితే అసలు యజమాని ఎవరో తేలని సంస్థ, అంతే. మామూలు కంపెనీలో సగానికి మించి ఓట్లు ఎవరికుంటే వాళ్లే కన్సాలిడేట్ చేస్తారు, అంటే దాని లెక్కల్ని తమ లెక్కల్లో కలిపేసుకుంటారు, గొడవ లేదు. ఇక్కడ మాత్రం, పెట్టిన ఈక్విటీ సంస్థ సొంతంగా నిలబడటానికి చాలదు, లేదా ఈక్విటీ పెట్టినవాళ్లకు ముఖ్యమైన నిర్ణయాల మీద అధికారం ఉండదు, లేదా నష్టమొస్తే వాళ్లకు తగలకుండా వెనక ఇంకెవరో పూచీ పడి ఉంటారు. ఎవరైనా "ఈక్విటీ 10 శాతం ఉంది కాబట్టి వీఐఈ కాదు" అంటే తల ఊపేయకు. 10 శాతం కంటే తక్కువుంటే చాలదని ముందు అనుకోమంది అమెరికా అకౌంటింగ్ స్టాండర్డ్, 10 దాటితే చాలుతుందని ఎక్కడా అనలేదు. ఈ పొరపాటు పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా చేస్తారు.

ఈ రూల్స్ ఎందుకొచ్చాయో తెలిస్తే నోట్‌లో ఏం అడుగుతున్నారో దానంతటదే అర్థమవుతుంది. ఒకప్పుడు బయటివాళ్ల ఈక్విటీ 3 శాతం ఉంటే చాలు, ఆ సంస్థను నీ బ్యాలెన్స్ షీట్ బయటే ఉంచుకోవచ్చు అన్నట్టు నడిచేది. ఎన్రాన్ అలాంటి సంస్థల వెనక అప్పులు దాచి 2001 చివర్లో కుప్పకూలింది, 2003 జనవరిలో, అమెరికాలో అకౌంటింగ్ రూల్స్ రాసే ఎఫ్‌ఏఎస్‌బీ, ఫిన్ 46 అనే రూల్ తెచ్చింది. అయినా ఆగలేదు. 2007 డిసెంబర్‌లో సిటీ గ్రూప్ బ్యాంకు, తను పెట్టించి బయట ఉంచిన ఎస్ఐవీలనే పెట్టుబడి సంస్థలను, 49 బిలియన్ డాలర్ల ఆస్తులతో సహా, బ్యాలెన్స్ షీట్ మీదకు తెచ్చుకుంది. ఆదుకుని తీరాలని కాగితం మీద లేకపోయినా ఆదుకుంది. 2009లో రూల్ మళ్లీ మార్చారు, ఇప్పుడు మనం స్టాండర్డ్‌లో టాపిక్ 810 కింద చదివేదానికి అసలు రూపం అప్పుడే వచ్చింది. అందుకే నోట్‌లో "ఒప్పందం ప్రకారం ఇవ్వక్కర్లేకపోయినా ఏమైనా సాయం చేశారా" అని కూడా చెప్పమంటారు.

ఎవరు కన్సాలిడేట్ చేయాలన్నది రెండు ప్రశ్నలు. ఆ సంస్థ లాభనష్టాలను అన్నిటికంటే ఎక్కువ ప్రభావితం చేసే పనులు ఎవరి చేతిలో ఉన్నాయి, పెద్ద మొత్తంలో నష్టం మోయాల్సింది లేదా లాభం తీసుకునే హక్కున్నది ఎవరు. రెండూ మనవే అయితే ప్రైమరీ బెనిఫిషియరీ మనమే, అంటే కన్సాలిడేట్ చేయాల్సింది మనమే. మొదటి ప్రశ్నకు "మేనేజ్‌మెంట్" అని ఒక్క ముక్కలో రాసి వదిలేయకు. అప్పుల పోర్ట్‌ఫోలియో అయితే ఎగ్గొట్టిన లోన్‌ల సంగతి ఎవరు చూస్తారు, పవర్ ప్లాంట్ అయితే ఇంధనం ఎవరు కొంటారు, మెయింటెనెన్స్ ఎవరు నిర్ణయిస్తారు, అలా పనుల పేర్లు రాయి. కన్సాలిడేట్ చేస్తే దాని అప్పులు తీర్చడానికి మాత్రమే వాడగలిగిన ఆస్తుల్నీ, మన మీదకు రాలేని అప్పుల్నీ బ్యాలెన్స్ షీట్ మీదే విడిగా చూపించాలి. అది ఫార్మాట్ పని, చేసేస్తావు.

కన్సాలిడేట్ చేయనివాటితోనే అసలు తలనొప్పి. అక్కడ మాక్సిమమ్ ఎక్స్‌పోజర్ టు లాస్ చెప్పాలి. చాలామంది ఈ కాలమ్‌లో "ఎంత పోయే అవకాశం ఉంది" అనే అంచనా రాస్తారు. అది కాదు అడిగింది. ఆ సంస్థ రేపు పొద్దున పూర్తిగా మునిగిపోతే, తాకట్టు పెట్టిన ఆస్తి నుంచి పైసా కూడా రాకపోతే, మన జేబులోంచి ఎంత పోతుంది అని. జరిగే అవకాశం ఒక్క శాతమే అనుకున్నా అంకె తగ్గదు. తాకట్టు గురించి చెప్పాలనిపిస్తే కింద ఒక వాక్యంలో చెప్పు, అంకెలోంచి తీసెయ్యకు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక సోలార్ ప్రాజెక్ట్ సంస్థలో మన ఈక్విటీ 6 మిలియన్ డాలర్లు, దానికి మనమిచ్చిన లోన్ 10 మిలియన్లు, రావాల్సిన వడ్డీ 0.2. పుస్తకాల్లో కనిపించేది 16.2, క్యారీయింగ్ అమౌంట్ కాలమ్‌లో అదే వస్తుంది. ఇక పుస్తకాల్లో లేనివి చూడు: అడిగినప్పుడు ఇంకో 4 మిలియన్లు పెడతామని మాటిచ్చాం, ఆ సంస్థ బ్యాంకు అప్పుకు 15 మిలియన్ల గ్యారంటీ ఇచ్చాం. మాక్సిమమ్ ఎక్స్‌పోజర్ 35.2. టేబుల్‌లో రెండు కాలమ్‌లూ ఒకేలా కనిపిస్తే, అది నిజం కావచ్చు, కానీ నేనైతే వెతికేవాళ్లు సరిగ్గా వెతకలేదేమోనని ముందు అనుమానపడతాను.

దీనికి ఉల్టా పొరపాటు కూడా ఉంది. అమెరికాలో అద్దె ఇళ్ల ట్యాక్స్ క్రెడిట్ పార్ట్‌నర్‌షిప్‌లలో, ముందుముందు కట్టాల్సిన డబ్బును చాలాసార్లు ఇప్పుడే లయబిలిటీగా రాసి, అంత మొత్తాన్నీ పెట్టుబడిలో కలిపేస్తారు. అంటే పై లెక్కలోని 4 మిలియన్ల లాంటి మొత్తం ఆస్తి అంకెలో ముందే కూర్చుని ఉంటుంది. నువ్వు కమిట్‌మెంట్ల షీట్ చూసి మళ్లీ కలిపావంటే రెండుసార్లు లెక్కపెట్టినట్టే. అందుకే ప్రతి కమిట్‌మెంట్ పక్కన "లెడ్జర్‌లో ఉందా, లేదా" అని ఒక కాలమ్ పెట్టుకో. లిమిట్ లేని గ్యారంటీ ఉంటే, లెక్క కట్టలేమని నోట్‌లో చెప్పడానికి స్టాండర్డ్ ఒప్పుకుంటుంది, కానీ లెక్క కట్టడం కష్టంగా ఉంది కదా అని ఆ వెసులుబాటు వాడుకోకు.

నా సంగతి చెప్తాను. చేరిన రెండో ఏడాది, అప్పుడు నేను పనిచేసిన కంపెనీ ఒక సంస్థకు 8 మిలియన్ల గ్యారంటీ ఇచ్చింది, నేను ప్రతి క్వార్టర్ శ్రద్ధగా 8 అనే వేసుకుంటూ వచ్చాను. మధ్యలో, కంపెనీ అప్పులూ డబ్బూ చూసే ట్రెజరీ వాళ్లు బ్యాంకుతో ఒక సవరణ మీద సంతకం పెట్టారు. ఒకటిన్నర పేజీ కాగితం, రెండో పేజీ మూడో పేరాలో 8 బదులు 12. మాకెవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు, పోయిన క్వార్టర్ షీట్ కాపీ చేసి తేదీ మార్చాను. ఏడాది చివర్లో బ్యాంక్ కన్ఫర్మేషన్, అంటే గ్యారంటీ ఎంతో బ్యాంకే ధ్రువీకరించే కాగితం, నేరుగా ఆడిటర్ చేతికి వెళ్లింది. మీటింగ్‌లో వాళ్లు ఆ కాగితాన్ని బల్ల మీద నా వైపు తిప్పి పెట్టారు, ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది!

అప్పట్నుంచి ఎవరి షీట్‌నీ నమ్మను, కాగితం చూస్తాను. క్వార్టర్ లెక్కలు ముగించే క్లోజింగ్‌కు వారం ముందే ట్రెజరీకి, లీగల్‌కు, ట్యాక్స్‌కు విడివిడిగా మెయిల్ పెట్టు. "ఏమైనా మార్పులున్నాయా" అని అడిగితే లేవనే చెప్తారు, వాళ్ల తప్పు కాదు, వాళ్లకు వీఐఈ అంటే ఏంటో తెలీదు. సంస్థల పేర్లు రాసి, వీటి కోసం ఈ మూడు నెలల్లో ఏ సంతకం పెట్టినా కాగితం పంపండి అని అడుగు.

ప్రతి క్వార్టర్ అన్నీ మొదట్నుంచి చేయక్కర్లేదు. ప్రైమరీ బెనిఫిషియరీ ఎవరన్నది మాత్రం ప్రతిసారీ చూడాలి. అది వీఐఈయా కాదా అన్నది ఒప్పందాలు మారడం, ఈక్విటీ కొంత వెనక్కి ఇచ్చేయడం లాంటివి జరిగినప్పుడే మళ్లీ చూస్తారు. నష్టాలొచ్చి ఈక్విటీ కరిగిపోయినంత మాత్రాన మామూలు కంపెనీ వీఐఈ అయిపోదు. మీ మేనేజర్ దీని మీద వాదిస్తే వాదించనీ, స్టాండర్డ్‌లో ఆ పేరా తెరిచి చూపించు.

ఇంకొకటి, మర్చిపోయేలోపు చెప్తాను. ఒప్పందంలో లేని సాయం ఏమైనా చేశామా అన్న ప్రశ్న సీఎఫ్‌ఓ ఆఫీసుకు కూడా రాతపూర్వకంగా పంపు, ఎందుకంటే అలాంటి నిర్ణయాలు ఫోన్లలో జరుగుతాయి, ట్రెజరీకి కూడా ఆలస్యంగా తెలుస్తాయి. "ఏమీ ఇవ్వలేదు" అని వచ్చిన జవాబును కూడా తేదీతో ఫైల్‌లో పెట్టు.

పిన్ని