పరీక్షకు పెట్టిన సంతకం ఆపరేషన్‌కు చెల్లదండీ

మీ అక్కగారు లాప్రోస్కోపీ (పొట్టలోకి కెమెరా గొట్టం పంపి చూడటం) పరీక్షకే ఒప్పుకుంటే, మత్తులో ఉండగా గర్భసంచి తీసేసి, "మీ అమ్మగారు సంతకం పెట్టారుగా" అంటున్నారని రాశారు. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఆ వాదన నిలవదండీ. సమీరా కోహ్లీ కేసు దాదాపు ఇదే. పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు వర్తించదని, రోగి మేజరై ఉండి కాసేపు స్పృహలో లేనంత మాత్రాన తల్లి సమ్మతి సరిపోదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. తెలివి వచ్చేదాకా ఆగి ఆవిడనే అడగాలి. ఆలోపు ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ఉండి, ఆగడం కుదరకపోతే తప్ప మినహాయింపు లేదు.

ముందు కేస్ షీట్, సమ్మతి పత్రం కాపీలు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలి. ఆపరేషన్ పేరు ఎవరి చేతిరాతలో ఉందో, సంతకం పక్కన టైమెంత వేశారో చూడండి. మత్తిచ్చాక వేసిన టైమైతే మీకదే పెద్ద ఆధారం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే గడువు రెండేళ్లే, ఆలస్యం చేయకండి.