ముందు నవ్వు, తర్వాత రేటింగు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న ఇంటిల్లిపాదీ సినిమాకు వెళ్లాం. లోపల కడుపుబ్బ నవ్వినవాడే, బయటికొచ్చాక ఎలా ఉందిరా అని అడిగితే ఫోను తీసి చూసి, ‘రెండున్నరే ఇచ్చారమ్మా, ద్వితీయార్ధం సాగదీత’ అన్నాడు. మనుషుల ఏకాగ్రత 8 సెకన్లకు పడిపోయిందని, గోల్డ్‌ఫిష్ కన్నా అది తక్కువని ఎక్కడో చదివాను. ఈ ఫోన్లు పిల్లలకు సొంత బుర్ర లేకుండా చేస్తున్నాయా? వాడి చేతిలోంచి లాగేసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ చేప సంగతి తేల్చుకుందాం తల్లీ. ఆ 8 సెకన్ల లెక్క 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం ప్రకటనదారుల కోసం తెచ్చిన ఒక నివేదికతో ప్రపంచమంతా తిరిగింది. వాళ్లు కొలిచి చెప్పింది కాదది, వేరే వెబ్‌సైటు నుంచి ఎత్తి రాసుకున్నది. తర్వాత విలేకరులు మూలం ఎక్కడని తవ్వితే దాని వెనక పరిశోధన అంటూ ఏదీ దొరకలేదు. పైగా గోల్డ్‌ఫిష్‌కు జ్ఞాపకశక్తి బాగానే ఉంటుందని చేపల మీద పనిచేసే శాస్త్రవేత్తలే చెబుతారు. అంటే మీ అబ్బాయి రేటింగును నమ్మాడు, మీరు చేపను నమ్మారు. కోప్పడకండి, ఈ జబ్బుకు వయసుతో పనిలేదని చెప్పడానికే అన్నాను.

నలుగురితో పాటు నారాయణా అనడం మనకు ఫోను నేర్పిన విద్య కాదు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని ఊరూరా జనం చెంచాలు పట్టుకుని గుళ్ల ముందు వరుస కట్టారు. అప్పుడు వాట్సాప్ ఎక్కడిది?

మరి కొత్తగా వచ్చిందేమిటంటే, అంకె. దీని మీద సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు అమెరికాలో చేసిన ప్రయోగం 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఎవరికీ తెలియని బృందాలు పాడిన 48 పాటలను ఇంటర్నెట్‌లో 14 వేల మందికి పైగా వినిపించారు. కొందరికి ఉత్త పాటలే ఇచ్చారు. మిగిలినవారిని ఎనిమిది గుంపులు చేసి, ఆ గుంపులో ఏ పాటను ఎందరు డౌన్‌లోడ్ చేసుకున్నారో పక్కనే చూపించారు. ఒక పాట ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిచింది. అదే పాట మరో గుంపులో 40వ స్థానానికి పోయింది! మరీ మంచి పాటలు అడుగుకు పడిపోవడం, మరీ నాసివి పైకెక్కడం అరుదు. మధ్యరకం పాటల జాతకమే ఆ అంకెల చేతుల్లో పడింది. ఐఫోన్ పుట్టింది ఆ మరుసటి ఏడాది. కాబట్టి నేరమంతా ఫోను మీదికి నెట్టలేం.

మన సినిమాలు చాలావరకు మధ్యరకమే కదా, అందుకే మీ అబ్బాయి దొరికిపోయాడు. పెద్ద సినిమాకు అమెరికాలో ముందుగా ప్రీమియర్లు పడతాయి. మనకు తెల్లవారేసరికి అంకె సిద్ధం, అదీ పావులతో సహా. రెండు ముప్పావుకూ మూడుకూ మధ్య తేడా ఏ సన్నివేశంలో ఉంటుందో, ఏళ్ల తరబడి సినిమా పేజీ దిద్దిన నాకు నేటికీ అంతుపట్టలేదు. ‘ద్వితీయార్ధం సాగదీత’, ‘నిర్మాణ విలువలు బాగున్నాయి’, ‘ఒకసారి చూడవచ్చు’ – ఇవి మేం పేజీ నింపుకోవడానికి వాడిన మాటలు. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు అమ్మతో మాట్లాడాల్సినవి కావు.

అయితే మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. వాడు లోపల కడుపుబ్బ నవ్వాడు. ఆ నవ్వు ఎవరి రేటింగూ చూసి వచ్చింది కాదు. సొంత బుర్ర ఎక్కడికీ పోలేదు, దాని తీర్పు నోటిదాకా వచ్చేలోపు పక్కవాళ్ల తీర్పు అడ్డం పడుతోంది, అంతే.

ఫోను లాక్కోకండి. లాక్కుంటే స్నేహితుడి ఫోనులో చూస్తాడు, మీమీద అలక ఒకటి అదనం. అసలు ‘ఎలా ఉంది’ అని అడగడమే మానేయండి. ఆ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పి తప్పించుకోవచ్చు. ‘ఎక్కడ ఎక్కువ నవ్వావురా?’ అనండి. సాగదీత అంటే, ఏ సన్నివేశం కత్తిరించాలో చెప్పమనండి. దానికి జవాబు ఫోనులో దొరకదు. వాడు చెప్పాక మీకు నచ్చిందేదో మీరూ చెప్పండి, వాదించుకోండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి రేటింగు చూసి, ఇచ్చినవాణ్ణి తిట్టుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు.